ఖాళీ అనుకునే నేల



రాజస్థాన్ యాత్రకు వెళ్లే మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. జైపూర్, ఉదయపూర్, జోధ్‌పూర్ చూసుకుని చివరికి జైసల్మేర్ చేరతారు. అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో సమ్ అనే ఊరి దగ్గర ఇసుక తిన్నెలున్నాయి. సాయంత్రం జీపు దిగడం, ఒంటె ఎక్కడం, పొద్దు గుంకుతుంటే ఫొటో తీయించుకోవడం, రాత్రి గుడారాల దగ్గర ఆటపాటలు చూసి భోంచేసి పడుకోవడం, తెల్లారగానే తిరుగు ప్రయాణం. ఇంటికొచ్చాక ఎవరైనా అడిగితే "ఏముందండీ, అంతా ఇసుకే" అంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు చూపించింది అంతే.

ఆ ఇసుకలో, ఆ ఇసుక చుట్టూ ఏముందో ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను. చలికాలంలో థార్ ఎడారి వైపు వెళ్లి రావడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. పిట్టల కోసమని మొదలైన అలవాటు అది. తర్వాత చెట్లు, బల్లులు, బావులు, పశువుల కాపరులు, అన్నీ ఒక్కొక్కటిగా అందులోకి వచ్చి చేరాయి. వెళ్లినకొద్దీ ఒక సంగతి మనసుకు గట్టిగా పట్టింది. అక్కడేమీ లేదని మనం అనుకుంటున్నాం గనుకే, అక్కడున్నవి ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఎడారిని చూడటం నేర్చుకుంటే తప్ప దాన్ని కాపాడుకోలేం. నేను చెప్పదలుచుకున్న మాట ఇదే.

ముందు నేల సంగతి. థార్ వైశాల్యం దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో పెద్ద భాగం పశ్చిమ రాజస్థాన్‌లోనే ఉంది. కొంత గుజరాత్‌లోకి, కొంత సరిహద్దు దాటి పాకిస్తాన్‌లోని సింధ్ వైపు సాగింది. జైసల్మేర్‌లో ఏడాది మొత్తం మీద కురిసే వాన సగటున 150 నుంచి 200 మిల్లీమీటర్లు. మనకు కరువు సీమగా పేరుపడ్డ అనంతపురంలో కూడా సగటు వాన 550 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఈ లెక్క చూస్తే అక్కడి పరిస్థితి తెలుస్తుంది. ఆరావళి కొండలు నైరుతి నుంచి ఈశాన్యానికి, అంటే అరేబియా సముద్రం మీదుగా వచ్చే రుతుపవనాలు సాగే దిక్కుకే బారుగా ఉన్నాయి. మేఘాన్ని అడ్డుకుని నిలబెట్టే కొండ లేదు. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే మేఘాలు అంత దూరం చేరేసరికి తడి కోల్పోతాయి. ఇక ఎండ సంగతి చెప్పాలంటే, మన దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 51 డిగ్రీలు ఈ ఎడారిలోని ఫలోదీ పట్టణానిదే. 2016 మే 19న నమోదైంది.

అయినా సరే, ప్రపంచంలోని ఎడారులన్నిటిలో ఎక్కువ జనసాంద్రత ఉన్నది థార్‌లోనే అంటారు. ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, లక్షల కొద్దీ గొర్రెలు, మేకలు, ఆవులు ఉన్నాయి. పైగా అంతా ఇసుకేనన్నది కూడా నిజం కాదు. జైసల్మేర్ నుంచి బయల్దేరితే ముందు కనిపించేది రాతినేల, గులకరాళ్ల మైదానం, ఆ తర్వాత పసుపుపచ్చగా గుబురుగుబురుగా పెరిగిన సేవణ్ గడ్డి. ఈ గడ్డి వేళ్లు ఇసుకను పట్టి నిలుపుతాయి. పశువులకు ఇదే ఆధారం. పట్టణానికి కొద్ది దూరంలోనే ఆకల్ అనే చోట పెద్ద పెద్ద చెట్ల మానులు రాళ్లుగా మారి పడి ఉన్నాయి. వాటి వయసు సుమారు 18 కోట్ల సంవత్సరాలు. అప్పుడక్కడ అడవి ఉండేది. అదే జిల్లాలో దొరికిన ఒక రాక్షసబల్లి శిలాజానికి థార్ పేరు కలిపి థారోసారస్ అని 2023లో శాస్త్రవేత్తలు నామకరణం చేశారు. ఇవాళ ఒంటె నడుస్తున్న నేల మీద ఒకప్పుడు అంత పెద్ద జీవాలు తిరిగాయి.

ఇక తిన్నెల దగ్గరికి వద్దాం. సాయంత్రం కాదు, తెల్లవారుజామున రండి. జనం లేచే వేళకు ముందే, గుడారాలకు దూరంగా, ఎవరూ తొక్కని తిన్నె ఒకటి ఎంచుకోండి. ఖూరీ అనే ఊరి వైపు వెళితే అలాంటివి ఇంకా దొరుకుతాయి. రాత్రి వీచిన గాలికి నిన్నటి అడుగులన్నీ పూడిపోయి ఉంటాయి. తిన్నెకు గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఉంటుంది. ఇసుక రేణువులు దాని మీద దొర్లుకుంటూ, గెంతుకుంటూ పైకెక్కి, అంచు దాటగానే అవతలి వైపు జారి పడతాయి. అవతలి వాలు బాగా నిటారుగా, ముప్పై డిగ్రీలు దాటి ఉంటుంది. అంతకన్నా నిటారుగా పొడి ఇసుక నిలవదు. ఇలా ఒక పక్క ఎక్కుతూ ఒక పక్క జారుతూ తిన్నె మొత్తం కొద్దికొద్దిగా ముందుకు కదులుతుంది.

ఆ వాలు మీద సూర్యుడు ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడు వంగి చూడండి. చిన్న గీతకు కూడా నీడ పడుతుంది గనుక రాత్రి అక్కడ తిరిగినవాళ్లందరి జాడలూ కళ్లకు కడతాయి. రెండు వైపులా సన్నని చుక్కలు బారులు తీరి ఉంటే అది నల్లపేడ పురుగు వంటి ఏదో ఒక పురుగు నడక. జంటజంటగా గెంతిన గుర్తులు ఎలుకవి. వాటికి కాస్త పక్కనే, ఒకదాని ముందు ఒకటి తిన్నగా సాగిన చిన్న పాదాల వరుస ఎడారి గుంటనక్కది. ఎలుక గుర్తులు ఒకచోట హఠాత్తుగా ఆగిపోయి, అక్కడ ఇసుక చెదిరి ఉందంటే రాత్రి ఏం జరిగిందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఒకదానికొకటి తగలకుండా, ఏటవాలుగా, విడివిడి కొక్కేల్లా పడ్డ గీతలు కనిపిస్తే జాగ్రత్త పడండి. ఇసుక రంగులో ఉండే చిన్న పింజర పక్కవాటుగా పాకిన జాడ అది. పొలుసులు ఒకదానితో ఒకటి రాసి బుసబుసమని చప్పుడు చేసే విషప్పాము. దాన్ని వెతుక్కుంటూ వెళ్లే పని పెట్టుకోకండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జాడ వేరే ఉంది. తిన్నె మీద సన్నగా, వంకరటింకరగా, ఇసుక లోపలి నుంచి ఎవరో వేలితో పైకి నెట్టినట్టు ఒక ఉబ్బు గీత కనిపిస్తుంది. అది ఎక్కడ ఆగిపోతే అక్కడే, వేలెడు లోతులో, వేలంత జీవి ఉంటుంది. నలికిరి జాతికి చెందిన చిన్న బల్లి అది. కాళ్లు ఉన్నాయా అన్నంత చిన్నవి. ఇసుకపై పొర కిందుగా, నీళ్లలో చేపపిల్ల ఈదినట్టే ఈదుతుంది. ఒకసారి ఆ గీత నా కళ్ల ముందే సాగడం చూశాను. నేల మీద ఏ జీవీ లేదు, గీత మాత్రం మెలికలు తిరుగుతూ ముందుకు పోతోంది. ఒక చీమ దాని మీదుగా నడిచేసరికి ఇసుక చటుక్కున విచ్చుకుంది, చిన్న ముట్టె బయటికి వచ్చింది, చీమ మాయమైంది. మరుక్షణంలో ఇసుక మూసుకుంది. ఒంటె మీద కూర్చుంటే ఇదేదీ కనిపించదు. నేల మీద కూర్చోవాలి.

ఎడారిలో బతుకంటే ఎండకూ నీటికీ లెక్క కుదుర్చుకోవడమే. ఈ లెక్క బాగా తెలిసిన జీవి సాండా. ముళ్ల తోక ఉన్న బల్లి అన్నమాట. మూరెడు లోపు పొడవుంటుంది. తోక చుట్టూ వరుసలు వరుసలుగా ముళ్లుంటాయి. గట్టి గులకనేలలో కలుగు తవ్వుకుని, కలుగుకొకటి చొప్పున ఒంటరిగా ఉంటుంది. కానీ కలుగులన్నీ దగ్గర దగ్గరగా ఒక పేటలా ఉంటాయి. చలికాలం అంతా లోపలే నిద్రపోతుంది కాబట్టి దీన్ని చూడాలంటే ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో వెళ్లాలి.

పొద్దున్నే కలుగుల దగ్గరికి వెళితే ఒక్క గుమ్మమూ కనిపించదు. లోపలి నుంచి మన్ను నెట్టి తలుపు మూసేసుకుని ఉంటుంది. నేల వేడెక్కాక ఒకచోట మన్ను కదులుతుంది. తల బయటికి వస్తుంది. చాలాసేపు కదలదు. ఆకాశాన్ని చూస్తుందని మనకే అర్థమవుతుంది. డేగలు, గద్దలు దీని కోసం కాచుకుని ఉంటాయి మరి. అప్పుడే బయటికొచ్చిన సాండా ఒళ్లు ముదురు రంగులో ఉంటుంది, ఎండ వేడిని త్వరగా పట్టుకోవడానికి. ఒళ్లు కాగినకొద్దీ రంగు పలచబడి లేత పసుపులోకి, బూడిదలోకి తిరుగుతుంది. అప్పుడు మేతకు బయల్దేరుతుంది. గడ్డి, ఆకులు, పూలు దాని తిండి. శాకాహారి. మీ నీడ దాని మీద పడిందా, ముళ్ల తోక ఒక్కసారి ఝాడించి కలుగులోకి దూరిపోతుంది.

గద్దకూ, గుంటనక్కకూ, పాముకూ ఇదే పెద్ద ఆహారం. గడ్డిని మాంసంగా మార్చి ఎడారి మొత్తానికి పంచిపెడుతున్నది ఈ బల్లే. దీని కొవ్వు నుంచి తీసిన నూనెకు ఏవో మహత్తులున్నాయని చెప్పి సంతల్లో, రోడ్ల పక్కన అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మహత్తులేవీ నిజం కాదు. చట్టరీత్యా దీన్ని పట్టడం, చంపడం నేరం. ఎవరైనా అమ్మజూపితే కొనకండి, కొనేవాళ్లకు కూడా చెప్పండి.

నీళ్లు తాగకుండా రోజులు గడిపే జీవాలు ఇక్కడ చాలా ఉన్నాయి. చింకారా జింకకు ఆకుల్లోని తేమ, తెల్లవారుజామున పడే మంచు దాదాపు సరిపోతాయి. గింజలు తిని బతికే భట్టీతర్ పిట్టలకు మాత్రం నీళ్లు కావాలి. పావురమంత ఉండే పిట్టలివి. పొద్దున్నే గుంపులు గుంపులుగా ఎక్కడున్న నీటిగుంటకైనా ఎగిరి వస్తాయి. ఎగరలేని పిల్లలు ఎక్కడో మైళ్ల అవతల ఎండలో ఉంటాయి. అందుకు మగ పిట్ట ఏం చేస్తుందంటే, గుంటలో దిగి పొట్టను నీళ్లలో నానబెడుతుంది. దాని పొట్ట ఈకలు నీటిని పీల్చి పట్టుకునేలా తయారై ఉంటాయి. అలా తడి మోసుకుని ఎగిరి వెళ్లి నిలబడితే, పిల్లలు ఆ ఈకల్లోంచి నీళ్లు పీల్చుకుంటాయి. గుంట ఒడ్డున ఒక పిట్ట మిగతావాటికన్నా ఎక్కువసేపు నీళ్లలో కూర్చుని ఒళ్లు అటూ ఇటూ ఆడిస్తుంటే, దానికి పిల్లలున్నాయని అనుకోవచ్చు.

ఇప్పుడు ఒక చెట్టు గురించి చెప్పాలి. అది మనకు పరాయి చెట్టు కాదు. రాజస్థాన్‌లో ఖేజ్రీ అని పిలిచేది మన జమ్మి చెట్టునే. దసరా నాడు మనం ఊరి బయటికి వెళ్లి పూజ చేసి, ఆకు తెచ్చి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టి దీవెనలు తీసుకునే చెట్టు. తెలంగాణకు ఇది రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ ఇదే రాష్ట్ర వృక్షం. అయితే మనకు ఏడాదికొకనాడు గుర్తొచ్చే ఈ చెట్టు మీద అక్కడ ఏడాది పొడవునా బతుకు నడుస్తుంది. దాని వేరు చాలా లోతుకు దిగి తడిని అందుకుంటుంది. మండు వేసవిలో తక్కినవన్నీ ఎండిపోయినప్పుడు అది కొత్త చిగురు వేస్తుంది. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. లేత కాయలు సాంగ్రీ. వాటిని ఉడికించి ఎండబెట్టి దాచుకుంటారు. కైర్ అనే ముళ్లపొద కాయలతో కలిపి నూనెలో వేయించి కూర చేసుకుంటారు. పెళ్లిళ్లలో కూడా ఆ కూర ఉండాల్సిందే. పొలంలో ఈ చెట్టున్నచోట సజ్జ పైరు ఏపుగా వస్తుంది. వేళ్లు నేలకు నత్రజనిని అందిస్తాయి, రాలిన ఆకు ఎరువవుతుంది. అందుకే అక్కడి రైతు పొలం మధ్యలో ఉన్న జమ్మిని అడ్డమని కొట్టడు. దాని చుట్టూ దున్నుతాడు.

ఈ చెట్టు కోసం ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. 1730లో జోధ్‌పూర్ రాజు అభయ్‌సింగ్ కట్టించే భవనానికి సున్నం కాల్చాలని, కట్టెల కోసం ఖేజర్లీ అనే ఊరికి మనుషుల్ని పంపారు. అది బిష్ణోయ్‌ల ఊరు. పచ్చని చెట్టు నరకకూడదన్నది, జీవాల మీద దయ చూపాలన్నది వారి గురువు జంభేశ్వర్ 15వ శతాబ్దంలో ఇచ్చిన 29 నియమాల్లోవే. అమృతాదేవి అనే గృహిణి ముందుగా చెట్టును వాటేసుకుని నిలబడింది. ఆమెను, ఆమె కూతుళ్లను గొడ్డలితో నరికారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి చెట్టుకొకరు చొప్పున నిలబడ్డారు. మొత్తం 363 మంది ప్రాణాలు కోల్పోయాక రాజు నరికివేత ఆపించాడు. ఇవాళ్టికీ బిష్ణోయ్‌ల ఊళ్ల పొలాల్లో చింకారాలు, కృష్ణజింకలు మనుషుల్ని చూసి పరుగెత్తవు. పైరు మేస్తున్నా ఎవరూ తరమరు. ఇది కళ్లారా చూసిన సంగతి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీటి విషయంలో కూడా ఆ ఊళ్ల తెలివి అంతే గొప్పది. జైసల్మేర్ ప్రాంతంలో ఖడీన్‌లు ఉన్నాయి. రాతిగుట్టల మీద కురిసిన వాన పల్లానికి జారి వచ్చేచోట పొడవాటి మట్టికట్ట వేస్తారు. వానాకాలం అంతా అక్కడ నీళ్లు నిలిచి నేలలోకి ఇంకుతాయి. చలికాలం మొదలయ్యేసరికి నీళ్లు పోయి తడినేల మిగులుతుంది. ఆ తడిలోనే గోధుమ, శనగ చల్లుతారు. మళ్లీ ఒక్క తడి కూడా పెట్టనక్కర్లేకుండా పంట చేతికొస్తుంది. పాలీవాల్ బ్రాహ్మణులు కొన్ని వందల ఏళ్ల కిందట వీటిని పెంపొందించారు. కొన్నిచోట్ల నేలలో కొంత లోతున జిప్సం పొర ఉంటుంది. వాననీరు ఆ పొర దాటి కిందికి దిగదు, కింది ఉప్పునీటిలో కలవదు. ఆ పొర మీద నిలిచిన తీపినీటి కోసం మనం ఏట్లో చెలమ తీసినట్టే లోతుగా, ఇరుకుగా బేరీలు తవ్వుతారు. ఈ జలవిద్య గురించి అనుపమ్ మిశ్ర హిందీలో గొప్ప పుస్తకాలు రాశారు. నీటి మీద పనిచేసే ప్రతివారూ చదవదగ్గవి.

వాన పడిన రెండు మూడు రోజులకు ఎడారి చూడాలి. ఎక్కడ దాక్కుందో తెలియని గడ్డి మొలుస్తుంది. కప్పలు అరుస్తాయి. తడి ఇసుక మీద ఎర్రని మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు నడుస్తుంటాయి. మన చేలల్లో తొలకరికి పిల్లలు అరచేతిలోకి తీసుకుని మురిసిపోయే ఆ పురుగులే.

చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే చుట్టాలు కూడా ఉన్నారు. ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊరుంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా మంగోలియా, మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి కుర్జా కొంగలు అక్కడికి వేల సంఖ్యలో వస్తాయి. కొంగల్లో చిన్న జాతి. బూడిదరంగు ఒళ్లు, నల్లని మెడ, కళ్ల వెనక నుంచి వేలాడే తెల్లని ఈకల కుచ్చు. ఊరివాళ్లు వాటి కోసం ఒక ఆవరణ కట్టి రోజూ గింజలు చల్లుతారు. ఎవరి ఆజ్ఞా లేదు. విరాళాలు వేసుకుని దశాబ్దాలుగా నడుపుతున్నారు. పొద్దున ఊరి ఇళ్ల మధ్య మేడమీద నిలబడితే, ఆకాశంలో బారులు బారులుగా అరుచుకుంటూ వచ్చి దిగడం కనిపిస్తుంది. ఆ అరుపుల్లో పక్కనున్న మనిషి మాట వినపడదు. మార్వాడీ జానపద గీతాల్లో దూరదేశం పోయిన భర్తకు కబురు మోసేది ఈ కుర్జానే. 2025లో ఖీచన్‌ను రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. ఒక పల్లెటూరి జనం మంచితనానికి ప్రపంచం ఇచ్చిన గౌరవంగా నేను దాన్ని చూస్తాను.

ఇక అసలు సంగతి, నా మనసును ఎక్కువగా పట్టి పీడించే సంగతి చెబుతాను. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర డెజర్ట్ నేషనల్ పార్క్ ఉంది. అందులో సుదాసరీ అనే చోట కంచె వేసి కాపాడుతున్న గడ్డినేల ఉంది. అక్కడే ఒక చలికాలపు ఉదయం బట్టమేక పిట్టను చూశాను. రాజస్థాన్‌లో దాన్ని గోడావణ్ అంటారు.

చాలా దూరంలో, సేవణ్ గడ్డి పైన ముందు తెల్లని మెడ ఒక్కటే కనిపించింది. తలపై నల్లని టోపీ. మీటరు ఎత్తు ఉంటుంది. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. నడక తొందరలేని నడక. నాలుగడుగులు వేసి ఆగుతుంది, తల పక్కకు తిప్పి చూస్తుంది, వంగి మిడతనో పురుగునో ఏరుకుంటుంది, మళ్లీ నాలుగడుగులు. అరగంటలో అది వందగజాలు కూడా కదల్లేదు. ఆ అరగంట నేను బైనాక్యులర్ దించలేదు. ప్రపంచం మొత్తం మీద అడవిలో స్వేచ్ఛగా మిగిలినవి 150 కన్నా తక్కువ. వాటిలో ఎక్కువ భాగం ఈ థార్‌లోనే ఉన్నాయి.

ఈ పిట్ట ఎందుకిలా తరిగిపోయింది? ఒకప్పుడు వేటాడారు. గడ్డినేలలు దున్నేశారు. ఇది గూడు కట్టదు, నేల మీదే గుడ్డు పెడుతుంది. అది కూడా సాధారణంగా ఏడాదికి ఒక్కటే. ఊరకుక్కలు, నక్కలు ఆ గుడ్డును బతకనివ్వవు. వీటన్నిటికీ తోడు ఇప్పుడు కరెంటు తీగలు వచ్చిపడ్డాయి. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్నది దానికి సరిగా కనబడదు. బరువైన ఒళ్లు గనుక చివరి క్షణంలో పక్కకు తప్పుకోలేదు. తీగను గుద్దుకుని పడిపోతుంది. థార్‌లో బట్టమేక తిరిగే సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో అన్ని జాతులవీ కలిపి ఏటా 84,000 దాకా పక్షులు తీగలకు బలవుతున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అంచనా వేసింది.

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిట్టలున్న ప్రాంతంలో తీగలను భూమిలో వేయాలని 2021లో కోర్టు ఆదేశించింది. తర్వాత 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, ఎక్కడ ఏంచేయాలో తేల్చమని నిపుణుల సంఘాన్ని వేసింది. ఇందులో చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. థార్‌లో ఎండకూ గాలికీ కొదవ లేదు. బొగ్గు కాల్చకుండా కరెంటు రావాలంటే సౌర పలకలు, గాలిమరలు కావాలి. అవి దేశానికి అవసరమే. కానీ ఖాళీ నేల కదా అని ఎక్కడ పడితే అక్కడ పెడితే ఎలా? దేవతల పేరున ఊళ్లు వందల ఏళ్లుగా కాపాడుకుంటున్న ఓరణ్‌లు ఉన్నాయి. కొమ్మ విరవకూడదని కట్టుబాటు ఉన్న మేతభూములు అవి. జైసల్మేర్ దగ్గరి దేగరాయ్ ఓరణ్‌లో నీడన కూర్చుని చూస్తే మేకల మందలు, చింకారాలు ఒకే నేల మీద మేస్తుంటాయి, పైన తీగలు వేలాడుతుంటాయి. రికార్డుల్లో చాలా ఓరణ్‌లకు సరైన రక్షణ లేదు. వాటి కోసం ఊళ్ల జనం కాలినడకన యాత్రలు చేస్తున్నారు, అర్జీలు పెడుతున్నారు. బికనేర్ వైపు ఖేజ్రీ చెట్లు కొట్టొద్దని ధర్నాలు చేస్తున్నారు. వాళ్లు కరెంటు వద్దనడం లేదు. చోటు చూసి పెట్టమంటున్నారు. నాకు వాళ్ల మాటే న్యాయంగా తోస్తుంది.

ఆశ పెట్టుకోదగ్గ పని కూడా జరుగుతోంది. సమ్ దగ్గరా, రాందేవ్‌రా దగ్గరా బట్టమేక పిల్లల్ని పెంచే కేంద్రాలున్నాయి. 2019 నుంచి అడవిలోని గుడ్లను జాగ్రత్తగా తెచ్చి పొదిగిస్తున్నారు. అలా పెరిగిన పిట్టలు తిరిగి గుడ్లు పెట్టాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. అయితే ఆ పిల్లల్ని వదలాలంటే ముందు గడ్డినేల ఉండాలి గదా.

ఆ మాట దగ్గరే నాకు మన కర్నూలు సీమ గుర్తొస్తుంది. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు ఉంది. బట్టమేక కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. పక్షిశాస్త్రవేత్తలు దేశం నలుమూలల నుంచి వచ్చి చూసి వెళ్లిన చోటది. వానాకాలంలో మగ బట్టమేక గొంతు సంచిని ఊదుకుని చేసే గంభీరమైన పిలుపు ఆ బీళ్లలో వినిపించేది. ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తర్వాత చుట్టూ పంటలు మారాయి, గడ్డి తగ్గింది, మనుషుల సందడి పెరిగింది. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడమే గగనం. థార్‌లో జరుగుతున్నది మనకు ఇదివరకే జరిగిపోయింది. అందుకే థార్ సంగతి రాజస్థాన్ వాళ్ల సంగతని నేను ఊరుకోలేను.

వెళ్లాలనుకునే శ్రోతలకు నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది, కంబళి తప్పదు. ఒక్క పూట కాదు, కనీసం మూడు రోజులు పెట్టుకోండి. ఒకరోజు ఎడారి పార్కుకు, ఒకరోజు ఖీచన్‌కు, ఒకరోజు ఏ పనీ లేకుండా ఒక ఊరి పొలాల్లో తిరగడానికి. పార్కుకు అనుమతి తీసుకుని, స్థానికుణ్ని దారి చూపడానికి పెట్టుకోండి. మీరిచ్చే కూలి ఆ ఊరికి చెందుతుంది. వాహనాన్ని దారి తప్పించి గడ్డిలోకి, తిన్నెల మీదికి తోలనివ్వకండి. చక్రం కింద కలుగులుంటాయి, గుడ్లుంటాయి. బట్టమేక కనిపిస్తే వాహనం అక్కడే ఆపండి. ఇంకాస్త దగ్గరికి పోనిమ్మని డ్రైవరును ఒత్తిడి చేయకండి. వెంట తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా వెంటే తెచ్చుకోండి. నీళ్లను ఆ ఊరివాళ్లు వాడినంత పొదుపుగా వాడండి. పాము కాటు భయం ఉంటుంది గనుక చీకట్లో లైటు లేకుండా, బూట్లు లేకుండా నడవకండి.

అంతదూరం వెళ్లలేనివాళ్లు బాధపడనక్కర్లేదు. మీ ఊరికి దగ్గర్లో బీడు ఉండే ఉంటుంది. అనంతపురం గులకనేలలు, మహబూబ్‌నగర్ మెట్టలు, కర్నూలు గడ్డిభూములు, ఏదైనా సరే. పొద్దు పొడిచే వేళకు పిల్లల్ని తీసుకుని వెళ్లండి. ఒకచోట కూర్చుని, గంటసేపు కదలకుండా చూడండి. కనిపించినవాటి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేరు తెలియకపోతే ఊరి పెద్దల్ని, గొర్రెల కాపరుల్ని అడగండి, వాళ్లకు తెలుసు. రేపు ఆ బీడును ఏదైనా పని కోసం ఇచ్చేయాలని గ్రామసభలో మాట వచ్చినప్పుడు, అక్కడేమీ లేదు కదా అని ఎవరైనా అంటే, లేచి నిలబడి మీ పుస్తకం తెరిచి చదవండి. ఒక నేలను కాపాడటానికి అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.